కాలయంత్రానికి వారసులెవరు?

మంచి కథ ముగిసిన చోట శ్రోత ఆగిపోడు. "తరువాత ఏమైంది?" అని అడుగుతాడు. రాముని కథ పట్టాభిషేకంతో ముగిసిందని తృప్తిపడక, లవకుశుల కథను కూడా ఆసక్తితో విన్న జాతి మనది. ప్రియమైన పాత్రకు ఒక కొడుకో కూతురో ఉండాలని, ఆ బిడ్డ ద్వారా కథ కొనసాగాలని కోరుకోవడం మానవ సహజం. పురాణ కథల విషయంలో తరతరాలుగా ఉన్న ఈ కోరిక నేడు వైజ్ఞానిక కల్పనకు, అంటే సైన్స్ ఫిక్షన్‌కు కూడా విస్తరించింది. ఆ కోరికలోని మంచిచెడ్డలను విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగువారి వైజ్ఞానిక కల్పనలలో 'ఆదిత్య 369' చిత్రానిది విశిష్టమైన స్థానం. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం వహించిన ఈ చిత్రం 1991 జూలై 18న విడుదలైంది. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1895లో ప్రచురించిన 'ది టైమ్ మెషిన్' నవల దీనికి ప్రేరణ. ప్రొఫెసర్ రామదాసు నిర్మించిన కాలయంత్రంలో కృష్ణకుమార్ అనే యువకుడు, ప్రొఫెసరు కుమార్తె హేమ 1526 నాటి విజయనగరానికి చేరుకొని శ్రీకృష్ణదేవరాయలను, తెనాలి రామకృష్ణుని కలుసుకొంటారు. అటుపిమ్మట 2504వ సంవత్సరానికి వెళ్లి భవిష్యత్తును చూస్తారు. కృష్ణకుమార్‌గాను, రాయలుగాను నందమూరి బాలకృష్ణ నటించారు. మూడు దశాబ్దాలు దాటిన తరువాత, 2025 ఏప్రిల్ 4న, ఈ చిత్రం మళ్లీ థియేటర్లకు వచ్చింది. మొదటి విడుదల నాటికి పుట్టని వారు కూడా దానిని చూశారు.

ఈ చిత్రానికి కొనసాగింపు ఎలా ఉండాలన్న విషయమై అభిమానుల మధ్య ఏళ్ల తరబడి ఊహాగానాలు సాగుతున్నాయి. కృష్ణకుమార్‌కు, హేమకు ఒక కొడుకు పుట్టి ఉంటాడని, అతడు పెరిగి పెద్దవాడై కాలయంత్రాన్ని మళ్లీ నడుపుతాడని పలువురి ఊహ. ఆ కొడుకు పాత్రను ఎవరు ధరించాలన్న ప్రశ్నకు కూడా వారి వద్ద సమాధానం సిద్ధంగా ఉంది: బాలకృష్ణ కుమారుడు మోక్షజ్ఞ. 2024 డిసెంబరులో బాలకృష్ణ స్వయంగా 'ఆదిత్య 999 మాక్స్' అనే పేరుతో మోక్షజ్ఞ కథానాయకుడుగా కొనసాగింపు చిత్రం ఉంటుందని ప్రకటించడంతో ఆ ఊహలు మరింత బలపడ్డాయి.

అభిమానుల ప్రశ్న మంచిదే. వారి సమాధానంలోనే తొందరపాటు ఉంది. వారు రెండు కుటుంబాలను ఒకటిగా కలిపివేస్తున్నారు. నటుని కుటుంబం వేరు, పాత్ర కుటుంబం వేరు. తెర మీద తండ్రిని చూసి ఆనందించిన ప్రేక్షకుడు అదే తెర మీద తనయుని చూడగోరడంలో దోషం లేదు. అది అభిమానానికి సంబంధించిన విషయం. అయితే కథలోని వారసత్వాన్ని కథలోనే వెదకాలి. కాలయంత్రాన్ని కనిపెట్టినవాడు రామదాసు. కృష్ణకుమార్ అందులో ప్రయాణించినవాడు మాత్రమే. రక్తసంబంధమే ప్రమాణమైతే ఆ యంత్రానికి మొదటి వారసురాలు హేమ. తండ్రి ప్రయోగశాలను ఎరిగిన హేమ తరువాతి కాలంలో ఏం చదివింది, ఏం కనిపెట్టింది అని ఊహించేవారు అరుదు. కొడుకు ఎలా ఉంటాడని అడిగినంత సులభంగా తల్లి ఏమైందని మనం అడగలేకపోతున్నాం. ఈ లోపం ఒక్క సినిమా ముచ్చట్లకే పరిమితం కాదు.

కుటుంబం ద్వారా విద్య సంక్రమించదా అని కొందరు ప్రశ్నించవచ్చు. తప్పక సంక్రమిస్తుంది. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళ తల్లిదండ్రుల నుండి బిడ్డలకు వస్తూనే ఉంది. తోలును శుభ్రపరచడం, రంగులు అద్దడం, బొమ్మను ఆడించడం పసితనం నుండి చూస్తూ పెరిగిన బిడ్డకు ఆ విద్య సులభంగా పట్టుబడుతుంది. ఇల్లే అక్కడ పాఠశాల. అయినప్పటికీ ఆ బిడ్డకు లభించినది రక్తం వల్ల కాదు, ఏళ్ల తరబడి చేసిన అభ్యాసం వల్ల. అభ్యాసం చేయని బిడ్డ చేతిలో బొమ్మ ఆడదు. అభ్యాసం చేసిన పరాయి బిడ్డ చేతిలో ఆడుతుంది.

ఈ విషయాన్ని వెల్స్ నవల మరింత స్పష్టం చేస్తుంది. అందులోని కాలయాత్రికునికి పేరే లేదు. 'కాలయాత్రికుడు' అనే మాటతోనే కథ నడుస్తుంది. చివరకు అతడు మరొక యాత్రకు బయలుదేరి తిరిగి రాడు. పేరు లేనివానికి ఇంటిపేరు ఎక్కడిది? అయినా అతనికి కొదవలేనంత సంతతి కలిగింది. 1995లో స్టీఫెన్ బాక్స్టర్ ఆ కథకు కొనసాగింపుగా 'ది టైమ్ షిప్స్' అనే నవల వ్రాశాడు. 2002లో ఆ కథను చలనచిత్రంగా మలచిన దర్శకుడు సైమన్ వెల్స్ మూల రచయితకు మునిమనుమడు. వీరిలో ఒకరు రక్తబంధువు, మరొకరు కారు. నెల్లూరు సీమలో జన్మించిన సింగీతం ఆ కథను విజయనగరానికి తీసుకువచ్చారు. ముగ్గురి రచనలనూ మనం వాటి గుణాన్ని బట్టే విలువ కడతాం.

ఇక కృష్ణకుమార్ సందర్శించిన రాయల చరిత్రనే చూద్దాం. శ్రీకృష్ణదేవరాయలు 1509 నుండి 1529 వరకు పరిపాలించాడు. తన వంశం నిలవాలని ఆ చక్రవర్తి కూడా ఆశించాడు. 1524లో పసివాడైన కుమారుడు తిరుమలరాయలకు పట్టం కట్టాడు. ఆ బాలుడు ఎంతో కాలం జీవించలేదు. రాయల అనంతరం సింహాసనం తమ్ముడు అచ్యుతరాయలకు దక్కింది. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత రాజధాని పెనుకొండకు మారింది. రాజ్యాధికారం ఆరవీటి వంశం చేతికి పోయింది. రాయలు కోరుకొన్న పుత్రవారసత్వం నిలవలేదు. ఆయన రచించిన 'ఆముక్తమాల్యద' నిలిచింది. ఐదు శతాబ్దాల అనంతరం కూడా విద్యార్థులు ఆ గ్రంథాన్ని చదువుతున్నారు.

మన పూర్వులకు ఈ సత్యం తెలియనిది కాదు. వారు సంతానం ఏడు విధాలని చెప్పారు. తటాకం, ధననిక్షేపం, అగ్రహారం, దేవాలయం, వనం, కావ్యం, పుత్రుడు — ఇవి సప్తసంతానాలు. ఈ జాబితాలో పుత్రుడు ఏడింటిలో ఒకడు మాత్రమే. చెరువు త్రవ్వించినవానికి ఆ చెరువే బిడ్డ. కావ్యం వ్రాసినవానికి ఆ కావ్యమే బిడ్డ. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు నిర్మింపజేశాడు. రోజుకు 1000 మంది కూలీలు, 100 బండ్లు రెండేళ్లపాటు పనిచేసినట్లు 1369 నాటి శాసనం తెలుపుతున్నది. మంచి చెరువుకు ఉండవలసిన లక్షణాలను, ఉండరాని దోషాలను కూడా ఆ శాసనం పేర్కొన్నది. భాస్కరుని మునిమనుమలు ఎవరో నేడు మనకు అక్కర లేదు. ఆ చెరువు మాత్రం ఇప్పటికీ మనకు కావాలి.

ఈ మాట కుందుర్పి వంటి ఊరికి మరీ వర్తిస్తుంది. అనంతపురం జిల్లాకు నైరుతి మూలన, కర్ణాటక సరిహద్దు చేరువలో ఉన్న మెట్టసీమ ఇది. ఊరి కొండ మీది దుర్గం పాత పాలకులను గుర్తు చేస్తుంది. వారి వంశాలు మాత్రం చరిత్రలో కలిసిపోయాయి. పడమటి కనుమలు నైరుతి రుతుపవనాలను అడ్డగించడం వల్ల, తూర్పు తీరం దూరమై ఈశాన్య రుతుపవనాలు బలహీనపడి చేరడం వల్ల ఈ జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురుస్తుంది. వేరుశనగను నమ్ముకొన్న రైతు వానను నమ్ముకొన్నట్లే. వాన తప్పిన ఏడు ఈ సీమ కుటుంబాలు పొట్ట చేత పట్టుకొని బెంగళూరు దారి పడతాయి. పొలం కొడుకుకు వస్తుంది గాని, ఆ పొలంలో నిలిచే ధైర్యం అతనికి రాదు.

ఇటువంటి చోట చెరువుకు వారసుడెవరు? కట్టించినవాని వంశం ఎన్నడో అంతరించింది. తూము తెరిచి పొలాలకు నీరు పంచిన నీరుగంటి కొడుకు నగరంలో కూలికి పోయాడు. "అది మా తాత కట్టినది కాదు" అని ప్రతి ఒక్కరూ తప్పుకొంటే చెరువు పూడికతో నిండిపోతుంది. ఎవరో ఒకరు పార పట్టి ముందుకు వస్తే, ఆ క్షణం నుండి అతడే దానికి వారసుడు. కుందుర్పి బాలిక భూగర్భ జలాల శాస్త్రం చదివి ఏ బావి ఎంత లోతున నిలుస్తుందో లెక్క కట్టగలిగితే, ఆమె భాస్కరునికీ వారసురాలే, రామదాసుకూ వారసురాలే. కాలయంత్రం వంటి వింతను తలపెట్టినవాని ఆస్తి ప్రశ్నించే బుద్ధి. ఆ ఆస్తికి దస్తావేజులు లేవు.

విద్యార్థులారా! కృష్ణకుమార్ కొడుకు కథను అభిమానులు ఊహించడం తప్పని ఈ వ్యాసం చెప్పడం లేదు. ఊహించండి; వీలైతే వ్రాయండి. అయితే మీ కథలోని కాలయంత్రాన్ని ఒక్కసారి ఈ మెట్టసీమలో దింపండి. 2504లో కుందుర్పి చెరువులో నీరు ఉంటుందా? ఉంటే అది ఎవరి శ్రమ వల్ల? లేకపోతే ఎవరి ఉపేక్ష వల్ల? యంత్రం నుండి దిగే యాత్రికురాలు హేమ మనుమరాలు కావచ్చు, ఏ సంబంధమూ లేని కూలివాని కూతురు కావచ్చు. ఆమె తన తండ్రి పేరు చెప్పి ఊరివారిని మెప్పించవలసిన పని లేదు. చెరువు కట్ట మీద నిలబడి, గండి ఎక్కడ పడిందో చూసి, దానిని పూడ్చే ఉపాయం చెప్పగలిగితే చాలు.