లంఖణము పరమౌషధము కాదు

గొంతులోని టాన్సిలు గడ్డలు తీయించుకొని యింటికి వచ్చిన పసిబిడ్డను జూచి జాలిపడని వారుండరు. అయితే ఆ జాలియే యొక్కొక్కప్పుడు బిడ్డకు కీడు చేయుచున్నదని మా యభిప్రాయము. బిడ్డ మ్రింగలేక యేడ్చుచున్నదని తల్లి గిన్నెను ప్రక్కకు దీయును. "లంఖణము పరమౌషధము, రెండు దినములు తినకున్న నేమి?" యని అవ్వ యనును. పాలు చీము పట్టించుననియు, పెరుగు జలుబు చేయుననియు ఇరుగుపొరుగువారు పథ్యము విధింతురు. ఇట్లు అందఱును ప్రేమతోనే బిడ్డను దాహముతో ఎండబెట్టుచున్నారు.

ఈ చికిత్స క్రొత్తది కాదు. క్రీస్తు శకము మొదటి శతాబ్దమునందే రోమను గ్రంథకర్తయగు సెల్సస్ ఈ గడ్డలను వ్రేలితో ఊడదీయు విధమును వ్రాసియుంచెను. నేడు బిడ్డ మత్తులో నుండగా వైద్యుడు కొద్దిసేపటిలోనే పని ముగించును. కాని కోసినచోటు పచ్చిపుండుగానే యుండి క్రమముగా మానవలెను. అందుకు పది మొదలు పదునాలుగు దినములు పట్టును. పుండుపై తెల్లని లేక పసుపుపచ్చని పొర యేర్పడును. అది చీము కాదు, మానుచున్నదనుటకు గుర్తు. నోటి దుర్వాసనయు ఆ దినములలో సహజమే. గొంతునకును చెవికిని ఒకే నరము సంబంధించియుండుటచే చెవిపోటు కూడ రావచ్చును. అందుకై చెవిలో నూనె పోయరాదు.

తడిగా నున్న గొంతు తక్కువ నొచ్చును. మ్రింగుట మానినచో పుండు ఎండిపోవును, గొంతు బిగియును, నొప్పి హెచ్చును. నొప్పి హెచ్చినకొలది బిడ్డ మఱింత మ్రింగదు. రాత్రియంతయు గొంతు ఎండియుండుటచేతనే ఉదయమున బాధ యధికముగా నుండును. ఈ చిక్కును విడదీయు మార్గ మొక్కటియే: ముందు మందు, పిదప నీరు.

మందు విషయమున మన యిండ్లలో రెండు తప్పులు జరుగుచున్నవి. బిడ్డ యేడ్చువరకు మందు ఈయకుండుట మొదటిది. మొదటి కొన్ని దినములు వైద్యుడు చెప్పిన వేళలకు, గడియారము జూచి, అవసరమైనచో రాత్రి నిద్రలేపియైనను ఈయవలెను. మూడవనాడు మొదలు కొన్ని దినములు నొప్పి తగ్గుటకు మాఱుగా పెరుగవచ్చును గనుక తొందరపడి మందు మానరాదు. మోతాదు నెఱుగకుండుట రెండవ తప్పు. పారాసిటమాల్ పానకము మన యంగళ్లలో ఒకే బలముతో దొరకదు. అయిదు మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములు గలదియు, 250 మిల్లీగ్రాములు గలదియు నున్నవి. సీసాపై చదివి, బిడ్డ తూకమునుబట్టి వైద్యుడు వ్రాసినంతయే, కొలతగిన్నెతో పోయవలెను. వంటింటి చెంచా పనికిరాదు. ఆస్పిరిన్ బిడ్డల కీయరాదు. కొడీన్ వలన కొందఱు బిడ్డలకు ఊపిరి మందగించి ప్రాణాపాయము కలుగుటచే, ఈ చికిత్స పిమ్మట దానిని పిల్లల కీయవలదని అమెరికా ఔషధ శాఖ 2013వ సంవత్సరమున గట్టిగా హెచ్చరించినది. కావున పెద్దలకై తెచ్చిన మందులను బిడ్డకు పంచిపెట్టకుడు.

మందిచ్చిన అరగంటకు గొంతు కొంత సడలును. అదియే త్రాగించు సమయము. చల్లని నీరు, మజ్జిగ, చల్లార్చిన రాగిజావ, కొబ్బరినీరు, గ్రుక్కెడు గ్రుక్కెడుగా మాటిమాటికి ఈయవలెను. పాలును పెరుగును చీము పట్టింపవు. మెత్తని పెరుగన్నము, ఇడ్లీ, అరటిపండు, మజ్జిగలో కలిపిన సంకటి మంచివి. ఐసుఫ్రూటు అడిగినను కాదనవలదు. మన సీమ యెఱ్ఱకారమును, నిమ్మపులుసును, పొగలుగ్రక్కు చారును మాత్రము కొన్నినాళ్లు దూరముంచవలెను. పొయ్యి పొగయు, బీడీ పొగయు బిడ్డ దగ్గఱకు రానీయరాదు. పెదవులెండి, మూత్రము మిక్కిలి తగ్గినచో ఆలసింపక వైద్యునకు చెప్పవలెను.

ఇక బండి ఆత్మకూరు పరిసరములవారు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి గలదు. రక్తస్రావ భయము మొదటి దినముననే తీఱిపోదు. అయిదవనాడు మొదలు పదవనాటివరకు, పొర రాలునప్పుడు, మఱల రక్తము రావచ్చును. అప్పటికి బిడ్డ పట్టణము విడిచి పల్లె చేరియుండును, ఆటలాడుచు నవ్వుచుండును. కావున ఆ రెండు వారములు ఓంకారమునకుగాని, అహోబిలమునకుగాని, దూరపు పెండ్లిండ్లకుగాని బిడ్డను దీసికొని పోవలదు. నోట ఎఱ్ఱని రక్తము కనబడినను, నిద్రలో మాటిమాటికి గుటకలు వేసినను, రక్తము వాంతి చేసికొన్నను, బిడ్డను కూర్చుండబెట్టి, ముందుకు వంచి, ఉమ్మివేయించుచు వెంటనే నంద్యాల పెద్దాసుపత్రికి చేర్చవలెను. 108కి కబురుచేయుటకు రాత్రియని సంకోచింపరాదు. రక్తము తనంతట నిలిచినను చూపింపకుండరాదు.

బిడ్డతో సత్యమే పలుకవలెనని మా మనవి. "ఏమియు నొప్పి యుండదు" అని చెప్పి తీసికొనిపోయిన బిడ్డ, మరునాడు "ఈ నీరు త్రాగుము, మేలగును" అన్న మాటను ఎట్లు నమ్మును? "కొన్నాళ్లు నొచ్చును, మందున్నది, మేమున్నాము" అని ముందే చెప్పుడు. పలకపై గిన్నెకొక గీత గీయనిండు; సాయంకాలము గీతలు లెక్కపెట్టించుడు. బలవంతముకంటె ఆ సుద్దముక్క యెక్కువ పని చేయును. ఉపాధ్యాయులమైన మేమును, వైద్యుడు సరేయనువరకు, అట్టి బిడ్డను బడికి రమ్మనరాదు. వచ్చిన పిమ్మట వెంటనే గొంతెత్తి పద్యము చదువుమనియు, పరుగెత్తుమనియు నిర్బంధింపరాదు.

కొండనాలుకకు మందువేయగా ఉన్ననాలుక ఊడినదను సామెతను జెప్పి శస్త్రచికిత్సను నిందించువారు గలరు. వైద్యుడు చేయు పని ఒక గంటలోనిది. ఇంటివారు చేయవలసినది రెండు వారములది. తల్లిదండ్రులారా, అవ్వలారా, ఆ రెండు వారములు మీ జాలి గిన్నెను ప్రక్కకు దీయునది కాక, ఓపికతో మఱల పెదవులకందించునదిగా నుండుగాక.