వార్నిష్ బల్లకు రంగు వేయునప్పుడు



ఈ నెల మా పొరపాటు ఒకటి మీ ముందు ఒప్పుకొనుచున్నాము. మేము గురజాల ప్రాంతములో సేవలో ఉండగా, క్రిస్మస్‌కు వారము ముందు మందిరములోని టేకు బల్లలకు నీలము రంగు వేశాము. అవి వార్నిష్ బల్లలు. గుడ్డతో తుడిచి, డబ్బా మూత తీసి, నేరుగా పూసేశాము. చూపుకు బాగానే ఉన్నది.

పండుగనాడు ఆరాధన ముగిసి అందరు లేచేసరికి, ఒక విధవరాలి తెల్లచీర వెనుక నీలపు చారలు! పత్తితీతలకు పోయిన కూలి డబ్బుతో కొనుక్కొన్న కొత్త చీర అది. "పోనీయండి అయ్యగారూ, గుడ్డే గదా" అన్నది. ఆమె కోపపడినా మాకు అంత బాధ ఉండేది కాదు.

తరువాత వడ్రంగి మేస్త్రి వచ్చి గోటితో గీకితే రంగు ఉల్లిపొరవలె లేచినది. "రంగు కర్రను పట్టలేదండి, మధ్యలో వార్నిష్ అడ్డమున్నది" అన్నాడు. వార్నిష్ నున్నగా ఉండి కర్ర రంధ్రములను మూసివేయును. గరుకు లేనిచోట రంగుకు పట్టు దొరకదు.

కాబట్టి ఇట్లు చేయండి. ముందుగా బల్ల అడుగుభాగమున స్పిరిట్ తడిపిన దూదితో రుద్దండి. జిగట వచ్చినచో అది లక్క పాలిష్, స్పిరిట్‌తోనే తుడిచివేయవచ్చును. పొయ్యి, దీపము దగ్గర ఉండరాదు. మార్పు లేనిచో వార్నిష్ అనుకొనవచ్చును. దానిని సబ్బునీళ్లతో కడిగి జిడ్డు వదిలించి, ఆరిన తరువాత 120 నెంబరు ఉప్పుకాగితముతో, ఆ మీదట 220తో, కర్ర నార వెంబడి రుద్దండి. వార్నిష్ అంతా పోనక్కరలేదు, మెరుపు పోతే చాలును. పెచ్చులు లేచినచోట మాత్రము పూర్తిగా గీకండి.

దుమ్ము తుడిచి వుడ్ ప్రైమర్ వేయండి. అది ఆరిన తరువాత గుంటలకు లప్పము పెట్టి, తేలికగా రుద్ది, ఎనామిల్ రంగు పలుచగా రెండు పూతలు వేయండి. పూతకు పూతకు మధ్య ఒక రాత్రి గడువనీయండి. మంచు విడిచిన తరువాత, నీడలో వేయుట మంచిది. పిడుగురాళ్ల సున్నపుబట్టీల వైపు ఉన్నవారు తలుపులు మూసుకొనండి. పచ్చి రంగుపై దుమ్ము పడితే వదలదు. చేతికి అంటకపోయినా లోపల ఇంకా మెత్తగానే ఉండును. చలికాలములో మరీ ఆలస్యము. వారము పది రోజులు ఎవరినీ కూర్చుండనీయకండి.

ఇంకొక మాట. మన దేశములో 2017 నవంబరు నుండి ఇండ్లకు వాడు రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదు. అంతకు ముందు వేసిన రంగు బల్లపై ఉన్నచో దానిని పొడిగా రుద్దకండి, తడిపి రుద్దండి. పిల్లలను, గర్భిణీ స్త్రీలను దూరముగా ఉంచండి.

జనవరిలో యౌవనస్థులతో కలిసి ఆ బల్లలన్నిటిని మళ్లీ మొదటి నుండి చేసుకొన్నాము. ఆమెకు చీర కొనిచ్చాము. ఈస్టరునాడు ఆ చీరతోనే వచ్చి, అదే బల్లమీద కూర్చున్నది. లేచినప్పుడు వెనక్కు తిరిగి చెంగు చూసుకొని, మా వైపు చూచి నవ్వినది.