బిడ్డ కనబడకపోతే ముందు ఎవరికి చెప్పాలి?

కడప పెద్ద దర్గా ఉరుసులో బిడ్డ చెయ్యి వదిలిపోతే మైకులో పేరు, చొక్కా రంగు చెప్పిస్తారు. పేటలో అయితే మసీదు మైకు. కర్నూలు పాతబస్తీలోనూ ఇదే అలవాటు. అక్కడా దొరక్కపోతే బస్టాండు, రైల్వే స్టేషన్, చుట్టాల ఇళ్లు. చివరికి పేపర్‌లో ఫొటో.

ఒకరికొకరు తెలిసిన చోట ఈ వెతుకులాట బాగానే పనిచేస్తుంది. కానీ కడప ముంబై–చెన్నై రైలు మార్గంలో ఉంది. కర్నూలు 44వ జాతీయ రహదారి మీద ఉంది. ఒక్క రాత్రిలో బిడ్డ రాష్ట్రం దాటిపోవచ్చు. అంత దూరం మైకు వినపడదు.

ఒకప్పుడు స్టేషన్‌కు పోతే డైరీలో ఒక లైను రాసుకుని "బంధువుల ఇళ్లలో చూసుకోండి" అని పంపేవాళ్లు. 2013 మే 10న సుప్రీంకోర్టు దీన్ని మార్చింది. పిల్లలు కనబడలేదన్న ప్రతి ఫిర్యాదుకూ ఎఫ్ఐఆర్ కట్టాలని, కిడ్నాప్ లేదా అక్రమ రవాణాగానే భావించి దర్యాప్తు మొదలెట్టాలని చెప్పింది. నాలుగు నెలల్లో ఆచూకీ దొరక్కపోతే కేసు మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి పోతుంది. "మా పరిధి కాదు" అని కూడా అనకూడదు. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి.

తర్వాత కంప్యూటర్ వచ్చింది. 2015లో మొదలైన ఖోయా-పాయా, అంతకుముందే ఉన్న ట్రాక్‌చైల్డ్ ఇప్పుడు మిషన్ వాత్సల్య పోర్టల్‌లో కలిసిపోయాయి. 2018లో ఢిల్లీ పోలీసులు ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌తో నాలుగు రోజుల్లోనే దాదాపు 3 వేల మంది పిల్లలను గుర్తించారు. హోముల్లో ఉన్న పిల్లల ఫొటోలను, తప్పిపోయినవాళ్ల ఫొటోలతో పోల్చారు. అసలు విషయం ఇక్కడే ఉంది. ఇంటివాళ్లు ఫిర్యాదు ఇచ్చి ఉంటేనే పోల్చడానికి ఫొటో ఉంటుంది. లేకపోతే బిడ్డ హోములో ఉన్నా ఎవరి బిడ్డో మెషీన్‌కు తెలీదు.

మన ఇళ్లలో ఆలస్యం జరిగేది ఇక్కడే. ముఖ్యంగా ఆడపిల్ల అయితే "నలుగురికీ తెలిస్తే ఇజ్జత్ పోతుంది" అని ఒకటి రెండు రోజులు గుట్టుగా వెతుకుతారు. ఆ రెండు రోజులే అన్నిటికన్నా విలువైనవి.

ఇంకోపక్క వాట్సాప్ ఉంది. బిడ్డ ఇంటికి చేరాక కూడా ఫొటో ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. పుకారైతే ప్రాణాలే తీస్తుంది. 2018 మేలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న పుకారు నమ్మిన గుంపు ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపింది.

మసీదు మైకు వద్దని కాదు. ఒకరు మైకు దగ్గరికి పోతే ఇంకొకరు 112కో 1098కో ఫోన్ చేయాలి. ఈమధ్య తీసిన ఫొటో, ఒంటిమీద గుర్తులు, వేసుకున్న బట్టల వివరాలతో స్టేషన్‌కు పోవాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇస్తారు, అడిగి తీసుకోవాలి. బిడ్డ దొరికాక ఆ మాట కూడా అదే గ్రూపులో పెట్టి, ఫొటో తీసేయమని చెప్పాలి.