తెర మీద పాఠం.. వార్డులో పరీక్ష

ఈ మధ్య బీపీ చూపించుకోవడానికి ఓపీకి వచ్చిన ఒకావిడ, మందులు రాయించుకున్నాక కూడా కుర్చీలోంచి లేవలేదు. ‘‘డాక్టర్ గారూ, మా అమ్మాయికి డిగ్రీ అయిపోయింది. ఇంట్లోనే ఉండి ఆన్‌లైన్‌లో సైకాలజీ పీజీ చేస్తానంటోంది. ఇప్పుడు అవి ఎత్తేశారట కదా, నిజమేనా?’’ అని అడిగారు. బయట ఇంకా ముప్పై మంది ఉన్నారు. ‘‘నిజమేనమ్మా’’ అని మాత్రం చెప్పి పంపించాను. ఆవిడకు చెప్పకుండా మిగిలిపోయింది మీకు చెబుతాను. ఎందుకంటే ఇదే ప్రశ్న ఇప్పుడు చాలా ఇళ్లలో నలుగుతోంది.

ముందుగా అసలు సంగతి. ఆరోగ్యరంగానికి సంబంధించిన కోర్సులను దూరవిద్యలో గానీ, ఆన్‌లైన్‌లో గానీ నడపరాదని 2025 ఆగస్టులో యూజీసీ విశ్వవిద్యాలయాలను ఆదేశించింది. సైకాలజీ, మైక్రోబయాలజీ, ఫుడ్ అండ్ న్యూట్రిషన్, బయోటెక్నాలజీ, క్లినికల్ న్యూట్రిషన్ - డైటెటిక్స్ ఆ జాబితాలో ఉన్నాయి. 2025 జులై - ఆగస్టు ప్రవేశాల నుంచే ఇది వర్తిస్తుంది. ఎంబీబీఎస్, డెంటల్, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీలకైతే 2020 నిబంధనల్లోనే ఆ తలుపు మూసేశారు. మరోపక్క అదే యూజీసీ, రెగ్యులర్ డిగ్రీలో ఒక సెమిస్టర్‌లోని సబ్జెక్టుల్లో 40 శాతం వరకు ‘స్వయం’ పోర్టల్ ద్వారా చదువుకోవచ్చని 2021లో అనుమతించింది. గుర్తింపు పొందిన సంస్థల నుంచి ఆన్‌లైన్‌లో తెచ్చుకున్న డిగ్రీకి కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమాన విలువ ఉంటుందనీ చెబుతోంది. అంటే ప్రభుత్వం ఆన్‌లైన్‌ను వద్దనడం లేదు. కొన్ని చదువులకు మాత్రం అది సరిపోదంటోంది.

ఎందుకు సరిపోదో చెప్పేముందు, దాని మేలు గురించి దాచకుండా ఒప్పుకోవాలి. నేను ఎంబీబీఎస్ చదివినప్పుడు మా క్లాసులో నూటయాభై మందిమి. వెనక వరుసల్లో కూర్చున్నవాళ్లకు లెక్చరర్ గొంతు సగమే వినిపించేది. మధ్యాహ్నం ఫార్మకాలజీ క్లాసులో మేం ఎంతసేపు మేలుకుని ఉన్నామో అడక్కండి. అలాంటి లెక్చర్‌కీ, ఇంట్లో తెర మీద వినే లెక్చర్‌కీ పెద్ద తేడా లేదు. ఉంటే గింటే తెరదే పైచేయి. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు మొదటి ఏడాది ఇంగ్లిష్ పాఠం ఒక గోడలాంటిది. రికార్డు చేసిన పాఠమైతే ఆపి, వెనక్కి తిప్పి, నాలుగుసార్లు వినొచ్చు. అర్థం కాలేదని చెయ్యెత్తడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ పాఠాలు మారుమూల ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలకూ ఉచితంగా అందుతున్నాయి. మంచం పట్టిన అత్తగారిని చూసుకుంటూ ఎంకామ్ పూర్తిచేసిన కోడళ్లు, డ్యూటీ చేస్తూనే ఎంబీఏ కట్టిన నర్సులు నాకు తెలుసు. అంతెందుకు, 2020లో కరోనా వైద్యాన్ని మేమంతా నేర్చుకున్నది చాలావరకు వెబినార్లలోనే.

ఇక రెండోవైపు. కరోనా తర్వాతి ఏళ్లలో మా వార్డుకు వచ్చిన హౌస్‌సర్జన్లలో చాలామందికి, రోగి మంచం పక్కన నేర్వాల్సిన పాఠాలు కొన్ని నెలలపాటు ఫోన్‌లోనే సాగాయి. ఒక రాత్రి, పొలంలో మందు కొడుతూ పడిపోయిన రైతును తీసుకొచ్చారు. కంటిపాపలు గుండుసూది మొనంత అయ్యాయి, నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట. డ్యూటీలో ఉన్న కుర్రాడు చాలా తెలివైనవాడు. లక్షణాలూ, విరుగుడు మందూ, మోతాదూ తడుముకోకుండా చెప్పాడు. అయితే అట్రోపిన్ ఎంతతో మొదలుపెట్టాలో పుస్తకం చెబుతుంది గానీ, ఇచ్చింది చాలిందో లేదో ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి విని తేల్చుకోవాలి. ఊపిరితిత్తుల్లో తడి శబ్దం తగ్గుతోందా లేదా అని కొద్ది నిమిషాలకోసారి చూస్తూ మోతాదు పెంచుకుంటూ పోవాలి. ఆ అబ్బాయి రెండుసార్లు విని నా వైపు తిరిగి, ‘‘సార్, ఈ శబ్దం వీడియోలో చాలాసార్లు విన్నాను. ఇక్కడ ఇంత గోలలో పట్టుకోలేకపోతున్నాను’’ అన్నాడు. నిజాయతీగా చెప్పినందుకు నాకు ముచ్చటేసింది. పక్కన పీజీ ఉన్నాడు కాబట్టి రైతు గట్టెక్కాడు. ఆ కుర్రాడు కూడా మూడు నెలల్లో పనిలో పడ్డాడు. కానీ ఆ రాత్రి అతనొక్కడే ఉండి ఉంటే?

ఇదే లోటు విదేశాల్లో మెడిసిన్ చదివిన మన పిల్లల దగ్గర ఇంకా పెద్దదైంది. చైనాలో చదువుతున్నవాళ్లు 2020 మొదట్లో ఇళ్లకు వచ్చేశారు. సరిహద్దులు మళ్లీ తెరిచేసరికి 2022 ఆగస్టు దాటింది. అంటే రెండున్నరేళ్లు ఫోన్ ముందే. 2022 ఫిబ్రవరిలో యుద్ధం వచ్చి ఉక్రెయిన్ నుంచి వచ్చేసినవాళ్లదీ ఇలాంటి పరిస్థితే. పూర్తిగా ఆన్‌లైన్‌లో చేసిన వైద్యవిద్యను గుర్తించబోమని అదే ఫిబ్రవరిలో జాతీయ వైద్య కమిషన్ ప్రకటించింది. తర్వాత చివరి ఏడాది విద్యార్థులకు కొంత వెసులుబాటు ఇస్తూ, ఏడాదికి బదులు రెండేళ్లు ఇంటర్న్‌షిప్ చేయాలంది.

ఇక్కడ అందరూ గమనించని విషయం ఒకటుంది. విదేశాల్లో చదివినవాళ్లు ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే ఎఫ్‌ఎంజీఈ పాసవ్వాలి. అందులో 300 ప్రశ్నలు, 150 వస్తే చాలు. అన్నీ ఆప్షన్లు ఇచ్చే ప్రశ్నలే. పొట్ట నొక్కి ప్లీహం పట్టుకోగలడా, సూది సరిగ్గా గుచ్చగలడా అన్నది ఆ పరీక్ష అడగదు. ఆన్‌లైన్ చదువులో తగ్గేది సరిగ్గా అదే. కాబట్టి అదనపు ఇంటర్న్‌షిప్ అడగడం రోగుల వైపు నుంచి చూస్తే న్యాయమే. అయితే అప్పు చేసి ఫీజులు కట్టిన తల్లిదండ్రులకు ఆ మాట చదువు మధ్యలో తెలియడం మాత్రం అన్యాయం. నిబంధన మంచిదే. చెప్పిన వేళే మంచిది కాదు.

‘మరి సైకాలజీకి స్టెతస్కోప్ అక్కర్లేదు కదా, డైటీషియన్‌కు సూదులతో పని లేదు కదా’ అని మీరడగొచ్చు. షుగరుతో కిడ్నీలు దెబ్బతిన్న ఒకావిడ నడవలేనంత నీరసంతో మా దగ్గరికి వచ్చింది. పరీక్ష చేస్తే రక్తంలో పొటాషియం బాగా పెరిగిపోయింది. ఈసీజీ కూడా మారిపోయింది. ఇంకాస్త ఆలస్యమైతే గుండె ఆగేది. ఏం తిన్నావమ్మా అంటే రోజూ కొబ్బరినీళ్లు, అరటిపండు, పండ్లరసం అని చెప్పింది. నీరసానికి మంచిదని ఎవరో పోషకాహార నిపుణులు రాసిచ్చారట. ఆ చీటీలో రాసినవన్నీ ఆరోగ్యవంతులకు మంచివే. రోగి రిపోర్టులు అడిగి చూసే అలవాటే ఆ రాసినవాళ్లకు లేదు. ఆ అలవాటు వార్డులో పెద్దవాళ్ల పక్కన నిలబడితేనే వస్తుంది. సైకాలజీలోనూ అంతే. ‘బాగానే ఉన్నాను’ అంటూ భర్త వైపు ఓరగా చూసే ఇల్లాలి మాటలో అసలు సంగతిని పట్టుకోవడం తెర మీద నేర్చుకునేది కాదు.

అలాగని యూజీసీ ఆదేశం మొత్తంగా నాకు నచ్చిందని కాదు. సైకాలజీ చదివే ప్రతి ఒక్కరూ కౌన్సెలర్ కారు. బడిలో పాఠం చెప్పే టీచరు, పిల్లల్ని అర్థం చేసుకోవాలనుకునే తల్లి కూడా చదువుతారు. వాళ్ల దారీ మూసుకుపోయింది. థియరీ ఇంటి నుంచే చదివించి, ప్రాక్టికల్స్‌కు జిల్లా ఆసుపత్రిలో ఇన్ని నెలలు అని కచ్చితంగా పెట్టి ఉంటే బాగుండేదన్నది నా అభిప్రాయం. నా భయం వేరే ఉంది. లెక్చర్లు ఆన్‌లైన్‌కు మారితే మిగిలే గంటలు వార్డుకో, ల్యాబుకో వెళ్లాలి. అలా కాకుండా ‘ఇక ఇంతమంది అధ్యాపకులెందుకు’ అని లెక్కలేసే యాజమాన్యాలు తక్కువేం కాదు.

ఇంట్లో ఇప్పటికే ఆన్‌లైన్‌లో డిగ్రీ చేస్తున్న పిల్లలుంటే ఒక మాట. తెర చూస్తున్నప్పుడు రెప్పలు కొట్టడం తగ్గి కళ్లు పొడిబారతాయి. ఇరవై నిమిషాలకోసారి కాసేపు దూరంగా చూడమనండి. మంచం మీద బోర్లా పడుకుని క్లాసు వినడం మెడకు మంచిది కాదు. వీటికంటే నిద్రను ఎక్కువ గమనించండి. రికార్డెడ్ క్లాసే కదా అని రాత్రి రెండింటికి వింటూ, పగలు పదకొండింటికి లేస్తూ, స్నేహితులను కలవడం కూడా మానేస్తే, బద్ధకమని తిట్టకుండా ఒకసారి డాక్టరుకు చూపించండి. కుంగుబాటు చాలామందిలో ఇలాగే మొదలవుతుంది.

ఇక ఆ తల్లి అడిగినదానికి వస్తే, అమ్మాయికి సైకాలజీయే ఇష్టమైతే దగ్గర్లోని యూనివర్సిటీలో రెగ్యులర్ సీటు కోసం చూడమంటాను. బీకామ్, ఎంబీఏ లాంటివైతే ఆన్‌లైన్ మంచిదే. కాకపోతే ఆ సంస్థకు, ఆ కోర్సుకు, ఈ ఏడాదికి అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్లో స్వయంగా చూసుకోవాలి. ఏజెంటు మాట నమ్మొద్దు. దేశంలోనైనా, విదేశంలోనైనా ఆరోగ్యరంగ కోర్సు అయితే ఫీజు కట్టకముందే ప్రాక్టికల్స్ ఏ ఆసుపత్రిలో, అక్కడ ఎన్ని పడకలు, వారానికి ఎన్ని గంటలు అని అడగండి. సమాధానం ఫోన్‌లో కాదు, కాగితం మీద రాసిమ్మనండి.