ఆటఖాతాలకు గండి

గట్టు తెగిన రాత్రి యెట్టిదో గోదావరి మండలవాసులకు వేరుగ చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టు వరదను కన్నులార చూచినవారు మనలో ననేకు లున్నారు. నేడు కంటికి కానరాని గండి యొకటి దాపురించినది. రాజమహేంద్రవరము మొదలు అమలాపుర భీమవరముల వరకు మన యువకులు ఫోనులలో నాడు ఆటల ఖాతాలకే యా ముప్పు.

ఆటయే గదా, పోయిన నేమి యనుట పొరపాటు. ఆ ఖాతాలో పేరు, పుట్టిన తేది, ఫోను నంబరు, ఒక్కొక్కచో బ్యాంకు వివరములును ఉండును. 2011 ఏప్రిలులో సోనీ కంపెనీవారి ప్లేస్టేషను వ్యవస్థలో చోరులు చొరబడగా 7 కోట్ల 70 లక్షల ఖాతాలకు ముప్పు వాటిల్లెను. అది దూరదేశపు ముచ్చట యనరాదు. 66.9 కోట్లమంది వివరములు ఒక్క నిందితునియొద్ద దొరకినవని 2023లో సైబరాబాదు పోలీసులు ప్రకటించిరి.

ఇట్టి వేళల పాస్‌వర్డు జాగ్రత్తగ నుంచుకొనలేదని ఆటగానినే నిందించుట పరిపాటి. ఇది న్యాయముకాదు. నమ్మి యప్పగించిన సొత్తునకు పుచ్చుకొన్నవాడే జవాబుదారి. బ్రిటనులో సోనీ సంస్థకు 2013లో రెండున్నర లక్షల పౌనుల జరిమానా విధించిరి. మన దేశమున ఆంతరంగికత ప్రాథమికహక్కని 2017లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. రక్షణలో లోపము చేసిన సంస్థకు 250 కోట్ల రూపాయలవరకు దండన విధింపవచ్చునని 2023 నాటి చట్టము పలికినది. కాని 2025 నవంబరులో వెలువడిన నియమములు ముఖ్యవిధులకు మరి 18 మాసముల గడు విచ్చినవి. హక్కు ముందు, రక్షణ వెనుక! అదే సంవత్సరము ఆగస్టులో పైకముతో నాడు ఆటలను పార్లమెంటు నిషేధించెను. ఆటలు మూతపడినను, వానికై మన మిచ్చిన వివరముల చిట్టాలు మూతపడినవా? వానిని చెరిపివేసితిమని ఆ సంస్థలు బహిరంగముగ ప్రకటింపవలెను, ప్రభుత్వము ప్రకటింపజేయవలెను.

అంతవరకు మన కాపలా మనదే. ఇంటికి, కొట్టునకు, ఇనుపపెట్టెకు ఒకే తాళపుచెవి చేయించువా డుండునా? ఒకచోట దొంగిలిన పాస్‌వర్డుతో చోరులు తక్కిన తలుపులనెల్ల తట్టి చూతురు. కావున ఖాతాకొక పాస్‌వర్డు, దానిపై రెండవ తనిఖీ యుంచుకొనుడు. ఓటీపీ నెవ్వరికిని చెప్పకుడు. ధనము పోయినచో సిగ్గుపడక తక్షణమే 1930కి ఫోను చేయుడు. మందలింతురని బిడ్డలు దాచిన ప్రతి గడియయు దొంగకే లాభము. తలిదండ్రు లిది గుర్తెరుంగవలెను.

గట్టు నెర్ర విచ్చినదన్న ఊరంతయు మట్టితట్టలతో పరుగెత్తు నేల యిది. ఈ గండికిని అట్లే కదలుదము గాక!