ముడి వేయడం బడిలోనే నేర్పాలి

మధ్య అండమాన్ ఉత్తర కొసన ఉన్న మాయాబందర్‌లో సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తి, రెండుసార్లు తగ్గుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం తేడా సుమారు రెండు మీటర్లు ఉంటుంది. జెట్టీకి కట్టిన పడవ అంత ఎత్తు ఎక్కి దిగుతున్నా ముడి వదలకూడదు. జారితే పడవ కొట్టుకుపోతుంది. పీటముడి పడితే అవసరానికి ఊడిరాక తాడు కోయాల్సి వస్తుంది. బతుకు తాడు మీద ఆధారపడిన ఇలాంటి చోట కూడా ముడి వేయడాన్ని స్కౌట్ శిబిరాల సరదాగానే చూస్తున్నారు. నిజానికి దాని స్థానం సైన్సు తరగతిలో ఉండాలి.

ముడిని నిలబెట్టేది రాపిడి. తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు మోకు మీద ప్రాణం పెట్టేది ఆ భరోసాతోనే. గుంజకు తాడు చుట్టినకొద్దీ పట్టు కూడికలా కాదు, గుణకారంలా పెరుగుతుందని 18వ శతాబ్దంలోనే ఆయిలర్ లెక్కగట్టాడు. రాపిడి గుణకం 0.3 అయితే ఒక్క చుట్టుతో ఒక కిలో బలం ఆరున్నర కిలోల లాగుడును ఆపుతుంది. మూడు చుట్లతో దాదాపు 285 కిలోలను ఆపుతుంది. అదే గుణకం సగానికి, అంటే 0.15కు పడిపోతే మూడు చుట్లు ఆపేది 17 కిలోలే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. గరుకైన కొబ్బరి పీచు తాళ్ల స్థానంలో నున్నటి నైలాన్, పాలీప్రొపిలీన్ తాళ్లు వచ్చాయి. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి అండమాన్‌కు వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాల పిల్లలకు ముళ్లు ఎలాగూ వస్తాయి కదా అనవచ్చు. కానీ పీచు తాడు మీద తాతలు నమ్మిన ముడి, నున్నటి తాడు మీద అంతే గట్టిగా నిలుస్తుందన్న హామీ లేదు. అందుకే ముడి వేసే పద్ధతితోపాటు అది ఎందుకు నిలుస్తుందో కూడా తెలియాలి.

రీఫ్ ముడి, గ్రానీ ముడి చూడటానికి కవలల్లా ఉంటాయి. రెండో మెలికను ఏ దిశలో వేశామన్నదే తేడా. అయినా గ్రానీ త్వరగా జారుతుంది. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు రంగు మారే పోగులతో పరీక్షించి 2020లో దీనికి కారణం వివరించారు. పక్కపక్క మెలికల్లో తాడు ఎదురెదురు దిశల్లో తిరగజూస్తే బిగుసుకుంటుంది, ఒకే వైపు తిరిగితే దొర్లిపోతుంది. రీఫ్ ముడి కూడా మూటలకు, కట్లకే పనికొస్తుంది. మనిషి బరువు మోసే రెండు తాళ్లను దానితో కలపకూడదు.

బడిలో మొదట మూడు ముళ్లు చాలు. బిగుసుకోని ఉచ్చుకు బౌలైన్, గుంజకు క్లోవ్ హిచ్, మందం వేరైన రెండు తాళ్లను కలపడానికి షీట్ బెండ్. ఒక్కోదాన్ని పీచు తాడుతో, నైలాన్ తాడుతో, పొడిగా, తడిపి వేయించాలి. నీళ్ల బకెట్ వేలాడదీసి ఎంత బరువుకు జారుతోందో రాయించాలి. కొస ఎంత పొడవు వదలాలో కూడా పిల్లలకు అప్పుడే తెలిసొస్తుంది.

ఫోన్‌లో వీడియో చూస్తే ముడి అర్థమవుతుంది, చేతికి మాత్రం రాదు. చీకట్లో, తడి చేతులతో, ఊగే పడవలో తడబడకుండా వేయగలిగితేనే అది వచ్చినట్టు. దానికి ఖరీదైన ప్రయోగశాల అక్కర్లేదు. పిల్లవాడికి రెండు మీటర్ల తాడు, వారానికి ఒక పీరియడ్ చాలు.