నీలగిరి తైలం: పీల్చడానికే గాని మింగడానికి కాదు

జలుబు చేసిన ఇంట్లో ముందుగా వెదికేది నీలగిరి తైలం సీసానే. ఛాతీకి రాస్తే వెచ్చదనం, వాసన పీలిస్తే ముక్కు తెరుచుకున్న భావన కలుగుతాయి. ఆ ఉపశమనం నిజమే. కాని ‘పూర్వికులు వాడినది, ఆకుల నుండి తీసినది, కనుక నిరపాయం’ అనే నమ్మకం మాత్రం సరికాదని మా అభిప్రాయం.

నిజానికి ఈ తైలం చరక, సుశ్రుత సంహితలలోనిది కాదు. దీనినిచ్చే వృక్షం ఆస్ట్రేలియా నుండి వచ్చింది. 1843లో నీలగిరి కొండలలో నాటిన పిమ్మట అక్కడి పేరే దానికి స్థిరపడింది. మన ప్రాంతపు జామాయిల్ తోటలు ఆ కుటుంబానివే. ప్రతిశ్యాయానికి ఆయుర్వేదం చెప్పినవి శొంఠి, పిప్పలి, మిరియాల వంటివి.

ఈ తైలంలోని ప్రధాన ద్రవ్యం సినియోల్. అది ముక్కులోని నాడులను తాకి, గాలి ధారాళంగా ఆడుతున్న అనుభూతినిస్తుంది. జలుబును నయం చేయదు. అది సాధారణంగా వారం పది రోజులలో తానే తగ్గుతుంది.

‘మమ్మల్నీ ఇలాగే పెంచారు’ అంటూ పసిబిడ్డ ముక్కులో చుక్క వేసేవారున్నారు. పెద్దల ప్రేమను శంకించనక్కరలేదు, తైలాన్ని శంకించాలి. ఒక చెంచా, అంటే 5 మి.లీ. లోపలికి పోయినా పిల్లలకు మగత, మూర్ఛ, ఊపిరి అందకపోవడం సంభవించవచ్చు. కర్పూరం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

పెద్దలు చేతిరుమాలుపై రెండు చుక్కలు వేసుకుని పీల్చవచ్చు. ఛాతీకి రాసుకోదలిస్తే చెంచాడు కొబ్బరినూనెలో రెండు మూడు చుక్కలు చాలు. ఉబ్బసం ఉన్నవారికి ఘాటు పడకపోవచ్చు. రెండేళ్లలోపు పిల్లలకు అసలు వాడరాదు. అంతకు పెద్ద పిల్లలకైనా ముఖానికి, ముక్కుకు రాయరాదు. మరిగే నీటి గిన్నె దగ్గరకు పిల్లలను రానీయరాదు.

పసిబిడ్డకు తల్లిపాలు, వెచ్చని గుడ్డలు, వైద్యుడు సూచించిన ఉప్పునీటి చుక్కలు చాలు. ఆయాసపడినా, పాలు మానినా వెంటనే వైద్యునికి చూపాలి. పొరపాటున తైలం మింగితే వాంతి చేయించక, సీసాతో సహా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

కనుక సీసాను పారవేయనక్కరలేదు. పిల్లలకందని పై అరలో పెట్టండి.